హాల్లోకి పెద్ద అక్వేరియం: సైజు, ఆకారం ఎలా తేల్చుకోవాలి

రెండడుగుల ట్యాంకుతో మొదలుపెట్టి, ఏడాదో రెండేళ్లో చేపల్ని బాగానే బతికించుకుని, ఇక హాల్లో ఒక పెద్దది పెట్టేద్దాం అనుకునే వాళ్ల కోసం ఇది. పెద్దది అంటే ఇక్కడ నాలుగు అడుగులు, ఆ పైన. షాపుకెళ్లి పెద్ద ట్యాంకు కావాలనగానే ముందు అడిగేది బడ్జెట్టు, ఆ వెంటనే చూపించేది నిటారుగా, ముందు అద్దం వంపు తిరిగి, నీలం లైట్ల వెలుగులో మెరిసిపోయే ట్యాంకు. చూడగానే ఎవరికైనా మనసు లాగుతుంది. ఆ ఎత్తు వల్ల చేపకు ఒరిగేది మాత్రం చాలా తక్కువ, మీకు అయ్యే ఖర్చూ పడే చాకిరీ చాలా ఎక్కువ. నా లెక్కలో డబ్బు ముందు వెడల్పు మీద పెట్టాలి, తర్వాత పొడవు మీద, ఎత్తు అన్నిటికంటే ఆఖర్న.

మాటల్లో తికమక రాకుండా ముందే చెప్పేస్తాను. పొడవంటే ఎడమ నుంచి కుడికి, వెడల్పంటే ముందు అద్దం నుంచి వెనక అద్దానికి, ఎత్తు సంగతి తెలిసిందే. ఈ వ్యాసమంతా ఆ వరసలోనే రాస్తున్నాను. షాపుల్లో కొందరు మాత్రం రెండో అంకెను ఎత్తుగా లెక్కేస్తారు, కాబట్టి ఫోన్లో నోటిమాటగా ఆర్డరివ్వకండి, కాగితం మీద పెట్టె బొమ్మ గీసి, ఏ వైపు ఎంతో వేసి, దాని ఫోటో పంపండి.

1. ముందు చేప, తర్వాత ట్యాంకు

షాపులో కనిపించే చేప సైజు చూసి ట్యాంకు తేల్చకండి, అక్కడ అమ్మేవన్నీ పిల్లలే. రెండంగుళాల ఆస్కార్ పిల్ల సరిగ్గా తిండి పడితే ఏడాది తిరిగేసరికి జానెడు అవుతుంది, పూర్తిగా ఎదిగాక అడుగు దాకా వస్తుంది. ఫ్లవర్ హార్న్ కూడా అంతే. గోల్డ్ ఫిష్ అంటే గుప్పెట్లో పట్టే చేపని అనుకుంటాం, కామెట్ రకం గోల్డ్ ఫిష్ అడుగు దాకా పెరగగలదు. అద్దానికి అతుక్కుని పాచి తింటుందని చెప్పి అంటగట్టే సక్కర్ ఫిష్ అడుగు దాటి అడుగున్నరకు వెళుతుంది, పైగా పెద్దయ్యాక అది పాచిని పెద్దగా పట్టించుకోదు. ఇంట్లో పట్టక చెరువుల్లో వదిలేసిన ఈ సక్కర్లే కాలువల్లో పెరిగిపోయి వలలు చింపుతుంటే మన జాలర్లు దెయ్యం చేపలని తిట్టుకుంటున్నారు.

వెండి రంగులో గుంపుగా తిరిగే షార్క్ పిల్లల సంగతి ఇంకా విచిత్రం. అది షార్కు కాదు, మన కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో టన్నులకొద్దీ పెంచి మార్కెట్లో ఫంగస్ అని కిలోల లెక్కన అమ్మే చేప. మీటరు దాటి పెరుగుతుంది. దానికి సరిపోయే ట్యాంకు మీ హాల్లో పట్టదు, నా హాల్లోనూ పట్టదు. సిల్వర్ అరవానా కూడా మూడడుగుల దాకా వెళ్లే చేపే, దానికి తిరగడానికే చాలా వెడల్పు, ఆ వెడల్పుకు తగ్గ పొడవు కావాలి. నాలుగడుగుల ట్యాంకులో అరవానా వేయమని ఎవరైనా చెబితే ఆ షాపులో ఇంకేదీ కొనకండి.

సరే, మీకు నచ్చిన చేపల పేర్లు ఒక కాగితం మీద రాసి, పక్కన పెద్దయ్యాక వచ్చే సైజు వేయండి. అందులో అన్నిటికంటే పెద్ద చేపను పట్టుకుని ట్యాంకు వెడల్పు దానికి కనీసం ఒకటిన్నర రెట్లు, వీలైతే రెండు రెట్లు, పొడవు నాలుగు నుంచి ఆరు రెట్లు ఉండేలా చూడండి. వెడల్పు ఎందుకంటే చేప వెనక్కి తిరిగేది ఆ దిక్కునే. అడుగు చేపను అడుగు వెడల్పు ట్యాంకులో పెడితే ప్రతి మలుపులోనూ తోక అద్దానికి రాసుకుంటుంది, ఒళ్లు వంచి వంచి తిరగాల్సి వస్తుంది, మీరు రోజూ దాన్ని చూస్తూ కూర్చోవాలి.

ఎత్తు నిజంగా కావాల్సిన చేపలు కొన్ని ఉన్నాయి. ఏంజెల్ ఫిష్ ఎదిగితే పై రెక్క కొస నుంచి కింది రెక్క కొస దాకా ఎనిమిది పదంగుళాలు ఉంటుంది, డిస్కస్ కూడా నిలువుగా గుండ్రటి చేప. (డిస్కస్‌కు 28 నుంచి 30 డిగ్రీల నీళ్లు ఇష్టం, ఆ విషయంలో మన ఊళ్లు దానికి పుట్టిల్లే.) వీటికి కూడా 20 అంగుళాల నీళ్లుంటే హాయిగా ఉంటాయి, మూడడుగుల లోతు అక్కర్లేదు. బార్బులు, రెయిన్‌బోలు, మన పశ్చిమ కనుమల డెనిసన్ బార్బ్ లాంటి పరుగుల చేపలకు పొడవు కావాలి. లోచ్‌లు, కోరీలు అనే చేపలు బతికేది ట్యాంకు అడుగున, నేల మీద, వాటికి పైన ఎన్ని అంగుళాల నీళ్లున్నా ఒకటే.

2. లీటర్లు, కిలోలు లెక్కేసుకోండి

లెక్క సులువే. మూడు కొలతల్నీ అంగుళాల్లో గుణించి 61తో భాగిస్తే లీటర్లు వస్తాయి, సెంటీమీటర్లలో అయితే 1000తో భాగించండి. ఈ లెక్కన 4×1.5×1.5 అడుగులది 255 లీటర్లు, 4×2×2 అడుగులది 453, 5×2×2 అడుగులది 566, 6×2×2 అడుగులది 680. ఇది అంచుదాకా, అద్దం మందం కూడా కలుపుకుని వచ్చే లెక్క. పైన రెండంగుళాలు వదలాలి, అద్దం మందం పోవాలి, కింద రాళ్లు, గ్రావెల్ చోటు తినేస్తాయి, కాబట్టి చేతికొచ్చే నీళ్లు అందులో 80 నుంచి 85 శాతం. మందు వేసేటప్పుడు, క్లోరిన్ తీసే ద్రావణం వేసేటప్పుడు ఈ తగ్గిన అంకెనే వాడాలి.

ఇక బరువు. 4×2×2నే తీసుకుందాం. నీళ్లు 370 కిలోలు. 12 ఎంఎం అద్దం చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది, ఈ ట్యాంకుకు దాదాపు మూడు చదరపు మీటర్ల అద్దం పడుతుంది కాబట్టి ఖాళీ ట్యాంకే 90 కిలోలు. రెండంగుళాల మందాన గ్రావెల్ పరిస్తే ఇంకో 60. స్టాండు, రాళ్లు, కింద సంప్ (స్టాండు లోపల పెట్టే ఫిల్టరు తొట్టి) పెడితే దాని నీళ్లు, అన్నీ కలిపి 600 కిలోలు సునాయాసంగా దాటుతుంది. 6×2×2 అయితే దాదాపు టన్ను.

ఇళ్ల గదుల శ్లాబుకు మన భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం డిజైన్‌లో తీసుకునే భారం చదరపు మీటరుకు 2 కిలో న్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు. మన ట్యాంకు కింద ఉన్న జాగా ముప్పావు చదరపు మీటరు, పడే బరువు 600. ఇది చూసి గుండె జారిపోనక్కర్లేదు, ఆ 200 గది మొత్తానికి పరుచుకున్నట్టు లెక్కేసేది, ఒక మూల ఎక్కువ బరువుంటే శ్లాబు దాన్ని చుట్టూ పంచుకుంటుంది. అయినా ఎక్కడ పెడుతున్నారన్నది చాలా ముఖ్యం. కింద బీము ఉన్న గోడను ఆనించి, పొడవు వైపు గోడ వెంటే వచ్చేలా పెడితే సరిగ్గా కట్టిన ఆర్‌సీసీ అపార్ట్‌మెంట్లో నాలుగడుగుల ట్యాంకు మామూలుగా ఇబ్బంది పెట్టదు. గది నడి మధ్యలో పార్టిషన్‌లాగా పెడదామంటే మాత్రం ఆగండి. ఐదడుగులు దాటినా, ఇల్లు పాతదైనా, గర్డర్ల మీద బండలు పరిచిన మేడ అయినా స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి చూపించండి. ఇంటీరియర్ డిజైనర్ మాట ఇక్కడ సరిపోదు, మేస్త్రీ మాట కూడా సరిపోదు. బాల్కనీలో అసలే వద్దు, అది గాల్లోకి పొడుచుకొచ్చిన శ్లాబు, పైగా ఎండ.

3. చోటు చూడండి, నేల కొట్టి చూడండి

ఎండ నేరుగా పడే కిటికీ పక్కన పెడితే ఎంత తోమినా పాచి వదలదు. ఏసీ గాలి నేరుగా తగిలే చోటు, తలుపు దబాలున కొట్టుకునే చోటు కూడా వద్దు. టీవీ పక్కన పెట్టే అలవాటు మనకు ఎక్కువ, దాని గురించి నాకు పెద్ద పట్టింపు లేదు, స్పీకరు స్టాండుకు ఆనకుండా ఉంటే చాలు.

నేల విషయంలో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఇప్పుడు అందరి ఇళ్లలో విట్రిఫైడ్ టైల్స్. టైలు వేసేటప్పుడు కింద సిమెంటు అంతటా పడకపోతే మధ్యలో డొల్ల మిగిలిపోతుంది, నడిచినంత కాలం ఏమీ తెలియదు. రూపాయి బిళ్ల తీసుకుని ట్యాంకు రాబోయే చోట ప్రతి టైలు నాలుగు మూలలా, మధ్యలో తట్టి వినండి. గట్టిగా, పొట్టిగా శబ్దం వస్తే మంచిదే, ఖంగుమని డొల్లగా మోగితే స్టాండు కాలు అక్కడ పడకూడదు. నాలుగు ఇనుప కాళ్ల మీద 600 కిలోలంటే ఒక్కో కాలి కింద 150, ఆ డొల్ల టైలు చిట్లితే స్టాండు ఒక మూల కిందికి దిగుతుంది, స్టాండు దిగితే అద్దం మెలి తిరుగుతుంది, అద్దం ఆ మెలిని తట్టుకోలేదు. అందుకే కాళ్ల స్టాండు కాకుండా కింద కూడా చుట్టూ పైపు ఉన్న ఫ్రేము చేయించుకోండి, బరువు పరుచుకుంటుంది.

వాస్తు కూడా ఇంట్లో ఎవరో ఒకరు ఎత్తుతారు. ఈశాన్యంలో నీళ్లుండాలంటారు, ఈశాన్యంలో బరువు ఉండకూడదంటారు. అక్వేరియం అంటే నీళ్లూ బరువూ రెండూనూ. ఆ పంచాయితీ మీరూ మీ పెద్దవాళ్లూ తేల్చుకోండి, నేను మాత్రం బీము ఎక్కడుందో చూస్తాను.

4. ఆకారం

ఒకే 453 లీటర్లు, రెండు ఆకారాల్లో చూడండి. ఒకటి 4×2×2, పడుకోబెట్టిన పెట్టె. రెండోది 2×2×4, స్తంభంలాగా నిలబెట్టినది. నీళ్లు అవే, బరువు దాదాపు అదే. మొదటిదాంట్లో గాలి తగిలే నీటి పైభాగం 8 చదరపు అడుగులు, రెండోదాంట్లో 4. నీళ్లలోకి ఆక్సిజన్ వెళ్లేది ఆ పైభాగం నుంచే, అంటే స్తంభంలో సగానికి సగం దారి మూసుకుపోయినట్టే. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ నిలుస్తుంది, 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరే. మే నెల రాత్రి కరెంటు పోయి, పంపు ఆగి, ఇన్వర్టరు కూడా చేతులెత్తేస్తే, పరుచుకున్న ట్యాంకులో చేపలు తెల్లారేదాకా తట్టుకునే అవకాశం ఉంది, స్తంభంలో చేపలు నడిరాత్రికే పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. నేల మీద భారం కూడా స్తంభం కింద రెండింతలు, ఎందుకంటే అదే బరువు సగం జాగాలో పడుతోంది.

అందుకని మామూలు దీర్ఘచతురస్రాకారపు పెట్టెకే నా ఓటు. చూడ్డానికి కొత్తగా ఏమీ ఉండదు, నిజమే. కానీ మూతలు, లైట్లు, అయస్కాంతపు స్క్రబ్బర్లు అన్నీ దాని కొలతలకే దొరుకుతాయి, అద్దం పగిలితే ఊళ్లో ఏ గ్లాసు షాపులోనైనా ముక్క కోయించుకోవచ్చు.

వంపు అద్దం ట్యాంకులో చేప మధ్యలో ఒక సైజు, పక్కకెళ్లేసరికి సాగిపోయి ఇంకో సైజు కనిపిస్తుంది. కొందరికి సరదాగా ఉంటుంది, నాకు గంటసేపు చూస్తే తలనొప్పి. బల్లపరుపు స్క్రబ్బరు ఆ వంపు మీద సరిగ్గా ఆనదు, గీతలు పడతాయి. ఆరు పలకలది పూజ గది పక్కన ముచ్చటగా ఉంటుంది గానీ చేప ఏ దిక్కుకు వెళ్లినా నాలుగు ఈతల్లో గోడ, దానికి పరుగుల చేపలు పనికిరావు. మూలకు పెట్టే త్రికోణం ట్యాంకులో వెనక మూలలోకి చెయ్యి పోదు, చెత్తంతా అక్కడే చేరుతుంది. ఎల్ ఆకారంలో ఉన్నది లోపలి మూల జాయింటు దగ్గర నాణ్యంగా చేయగల మనిషి దొరికితే తప్ప వద్దు. గోడకు ఫోటోఫ్రేములా తగిలించేవి, నాలుగైదు అంగుళాల వెడల్పువి, అవి చేపల కోసం చేసినవి కాదు, గోడ కోసం చేసినవి.

క్యూబ్ మాత్రం మధ్యేమార్గం. 2×2×2 లేదా 2.5×2.5×2 అడుగులది, మొక్కలతో, చిన్న టెట్రా చేపలతో చాలా బాగుంటుంది, మూడు వైపుల నుంచీ చూడొచ్చు. హాలు చిన్నదై నాలుగడుగుల గోడ దొరకని వాళ్లకు అదే నయం.

వెడల్పు మీద నేనింత పట్టుబట్టడానికి ఇంకో కారణం మీ కంటికి సంబంధించింది. నీళ్లలో వక్రీభవనం వల్ల ఎదురుగా నిలబడి చూస్తే లోతు ముప్పావు వంతే కనిపిస్తుంది. అడుగు వెడల్పు ట్యాంకు తొమ్మిదంగుళాల్లా ఉంటుంది, అందులో రాయి పెట్టి దాని వెనక మొక్క పెడితే రెండూ ఒకే వరసలో అతికించినట్టు ఉంటాయి. రెండడుగుల వెడల్పయితే కంటికి అడుగున్నర మిగులుతుంది, ముందు ఇసుక, మధ్యలో కర్ర, వెనక మొక్కల పొద, వాటి సందుల్లోంచి చేప బయటికొచ్చి లోపలికి పోవడం, ఇవన్నీ కుదురుతాయి.

5. ఎత్తు ఎక్కడ ఆపాలి

అద్దం మీద నీళ్లు తోసే బలం ఎత్తును బట్టి పెరుగుతుంది, అదీ మామూలుగా కాదు, ఎత్తు రెట్టింపైతే బలం నాలుగింతలు. నాలుగడుగుల పొడవున్న ముందు అద్దం మీద, నీళ్లు 45 సెంటీమీటర్లుంటే పడే తోపుడు 120 కిలోలు, 60 ఉంటే 215, 90 ఉంటే 485. అందుకే ఎత్తు పెంచిన ప్రతిసారీ అద్దం మందం, దాంతో ధర ఎగబాకుతాయి. నేను పాటించే లెక్క ఇది: అడుగున్నర ఎత్తుకు 10 ఎంఎం, రెండడుగులకు 12, రెండున్నరకు 15, పైన చుట్టూ అద్దం పట్టీలు, నాలుగడుగులు దాటితే మధ్యలో అడ్డపట్టీ. రెండడుగుల ఎత్తుకు 8 ఎంఎం చాలు సార్, మేం ఎన్నో చేశాం అనే మాట వింటే నమస్కారం పెట్టి బయటికొచ్చేయండి.

రెండో విషయం మీ చెయ్యి. చంక నుంచి వేలి కొస దాకా కొలుచుకోండి, చాలామందికి 25, 26 అంగుళాలు వస్తుంది. స్టాండు 30 అంగుళాలు, ట్యాంకు 24 అంగుళాలు అయితే పై అంచు నేల నుంచి నాలుగున్నర అడుగుల్లో ఉంటుంది, అంటే ఐదున్నర అడుగుల మనిషికి భుజం దాకా. స్టూలు ఎక్కి, చంక దాకా చెయ్యి ముంచితే అడుగున పడిన రాయి అందుతుంది. ట్యాంకు ఎత్తు 30 అంగుళాలైతే అందదు, ప్రతిదానికీ పొడవాటి పటకారు పట్టుకోవాలి, చచ్చిన చేపను రాళ్ల వెనక నుంచి తీయాలంటే నరకం. ట్యాంకు పైన చెయ్యి, వల, మూత ఆడేంత జాగా కూడా ఉండాలి, అడుగున్నర అయినా వదలండి. గోడలో గూడు కట్టించి అందులో ట్యాంకు కరెక్టుగా దూర్చేస్తారు కొందరు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, మొదటి నెల తర్వాత చెయ్యి పెట్టే దారి ఉండదు.

మొక్కలు పెంచే ఆలోచన ఉంటే ఎత్తు 18 నుంచి 20 అంగుళాల దగ్గరే ఆపండి. లోతు పెరిగేకొద్దీ అడుగుకు చేరే వెలుతురు పడిపోతుంది, దాన్ని పూడ్చడానికి లైటు పెంచితే పైన పాచి పడుతుంది.

6. వారం వారం మీరు మోయగలిగినంతే

సైజు తేల్చేది చివరికి గోడ కాదు, నీళ్ల మార్పిడి. వారానికి పావు వంతు అనుకుంటే 4×2×2కు 90 లీటర్లు, 6×2×2కు 140 లీటర్లు. 20 లీటర్ల బకెట్లతో అయితే ఐదు నుంచి ఏడు, బయటికి మోసేవి కొన్ని, లోపలికి మోసేవి మళ్లీ అన్ని. అందుకని బాత్రూము కొళాయి నుంచి ట్యాంకు దాకా పైపు ఎంత పొడవు కావాలో ముందే కొలవండి. మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, నేరుగా పోయలేరు, నిల్వ చేయాలంటే వంద లీటర్ల డ్రమ్ము పెట్టే చోటు ఎక్కడ? ఆ డ్రమ్ముకు చోటు లేని ఇంట్లో ఆరడుగుల ట్యాంకు పెట్టొద్దు. వేసవిలో ట్యాంకర్లు తెప్పించుకునే అపార్ట్‌మెంట్లయితే ఒక సైజు తగ్గించుకోవడమే మేలు, ఏప్రిల్ నెలలో మీ చేపలకు వంద లీటర్లని అసోసియేషన్ గ్రూపులో తెలిస్తే వచ్చే మాటలు మీరు పడలేరు.

ఫిల్టరు గంటకు ట్యాంకు నీళ్లను నాలుగు నుంచి ఆరుసార్లు తిప్పాలి, అంటే 4×2×2కు డబ్బా మీద 2000 నుంచి 2500 లీటర్లు రాసి ఉన్నది. సంప్ పెట్టాలనుకుంటే ట్యాంకు ఆర్డరు కంటే ముందే తేల్చుకోండి, ఎందుకంటే సంప్‌లోకి నీళ్లు దిగే రంధ్రం అద్దం అతికించక ముందే వేయాలి, టఫెన్డ్ అద్దానికైతే తర్వాత రంధ్రం వేయడమే కుదరదు, మొత్తం పొడిపొడి అయిపోతుంది. సంప్ బయటికి తీయడానికి వీలుగా స్టాండు ముందు వైపు మధ్యలో కాలు లేకుండా చేయించండి. వైర్ల విషయంలో ఒక్క జాగ్రత్త: ప్లగ్గుకు వెళ్లే ప్రతి వైరూ సాకెట్టు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కాలి, అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క సాకెట్లోకి పోకుండా నేల మీద పడుతుంది.

7. ఇంట్లోకి ఎలా వస్తుంది?

లిఫ్టు లోపలి కొలత, మెట్ల మలుపు, మెయిన్ డోరు, హాలుకు ముందున్న షూ ర్యాకు, అన్నీ టేపుతో కొలవండి. మూడడుగుల తలుపంటారు గానీ ద్వారబంధం, తెరిచిన తలుపు మందం పోను మిగిలేది అంతకంటే తక్కువ. రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్యాంకు ఎలాగైనా దూరుతుంది, మూడడుగుల వెడల్పుది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఆరడుగులది లిఫ్టులో పట్టదనే అనుకోండి, మెట్ల మీద నలుగురు పట్టుకుని ఎక్కిస్తుంటే మలుపులో తిరగాలి. తిరగదని తేలితే ఇంట్లోనే అద్దాలు తెచ్చి అతికించే మనిషిని మాట్లాడుకోవాలి, అది ఇంకాస్త ఖర్చు, సిలికాన్ ఆరడానికి వారం రోజులు గదిలో వెనిగర్ వాసన.

8. వారం రోజులు ఉత్తుత్తి ట్యాంకు పెట్టి చూడండి

ఫ్రిజ్జు అట్టపెట్టెలు కోసి, ట్యాంకు సైజులో టేపు వేసి అతికించి, స్టాండు ఎత్తున బల్ల మీదో కుర్చీల మీదో పెట్టి వారం వదిలేయండి. ఇంట్లో వాళ్లు దానికి ఎన్నిసార్లు గుద్దుకుంటారో, అల్మారా తలుపు తెరుచుకుంటుందో లేదో, సోఫాలో కూర్చుంటే కంటి ఎదురుగా వచ్చేది ట్యాంకు మధ్యభాగమా లేక స్టాండా, అన్నీ తెలుస్తాయి. రెండడుగుల వెడల్పు హాల్లోకి ఎంత పొడుచుకొస్తుందో కూడా అప్పుడే అర్థమవుతుంది, వెనక వైర్లకు, పైపులకు ఇంకో నాలుగంగుళాలు కలుపుకోవడం మరవకండి. మీ ఆవిడో మీ ఆయనో ఒప్పుకునేది కూడా సాధారణంగా ఈ వారంలోనే తేలుతుంది.

ఇంకా ఎటూ తేల్చుకోలేకపోతే: గోడ, నేల, నీళ్లు మూడూ కుదిరితే 4×2, ఎత్తు 20 అంగుళాలు. 375 లీటర్ల పెట్టె, ఏంజెల్స్ నుంచి డెనిసన్ల దాకా సగం హాబీ అందులో పడుతుంది, ఆస్కార్ల జంటకు కూడా ఫర్వాలేదు. గది ఇరుకైతే 4×1.5×1.5. షాపులో 4×1.5×2 చూపించి లీటర్లు ఎక్కువ వస్తాయని చెబుతారు, నిజంగా వస్తాయి, 340. ఆ పెరిగిన నీళ్లన్నీ పైకి పేర్చినవే, తీసుకోకండి.

9. ఆర్డరు, డెలివరీ, పరీక్ష

ట్యాంకు తీసుకునే ముందు షాపులోనే టేపు పెట్టి ఎదురెదురు మూలలు కొలవండి, రెండు కొలతలూ సమానంగా రావాలి, తేడా వస్తే పెట్టె మూలమట్టంలో లేదని అర్థం. ఫోన్ టార్చి వేసి ప్రతి జాయింటు చూడండి, రెండు అద్దాలు కలిసిన చోట సిలికాన్ పొర నల్లగానో తెల్లగానో ఒకే తీరుగా ఉండాలి, మధ్యలో గాలి బుడగలు, వెండి తీగల్లా మెరిసే గీతలు కనిపిస్తే అక్కడ సిలికాన్ పట్టలేదన్నమాట. అంచుల మీద వేలు జాగ్రత్తగా పోనిచ్చి చూడండి, పెచ్చు లేచి ఉంటే మార్చమనండి.

ఇంటికొచ్చాక స్టాండు మీద 18 ఎంఎం ప్లైవుడ్, దాని మీద అర అంగుళం థర్మోకోల్ లేదా ఫోమ్ షీటు, దాని మీద ట్యాంకు. రసమట్టం పెట్టి పొడవునా, అడ్డంగా చూసుకోండి. తర్వాత ఖాళీ ట్యాంకులో, గ్రావెల్ వేయకుండా, మూడో వంతు నీళ్లు పోసి ఒక పూట ఆగండి, మళ్లీ మూడో వంతు, మళ్లీ ఆగండి, తర్వాత నింపి రెండు రోజులు వదిలేయండి. కింద జాయింట్ల పొడవునా టిష్యూ పేపరు ఆనించి చూస్తే కంటికి కనపడని చెమ్మ కూడా దొరుకుతుంది. నిండిన ట్యాంకే మీకు అసలైన మట్టం: నాలుగు మూలల్లో నీటి గీత నుంచి పై అంచు దాకా స్కేలుతో కొలవండి, ఒక మూలకూ ఇంకో మూలకూ 3 ఎంఎం కంటే ఎక్కువ తేడా వస్తే నీళ్లన్నీ తీసేసి, సన్న రేకు ముక్కలు స్టాండు కింద పెట్టి సరిచేయండి, ట్యాంకు కింద మాత్రం ఏదీ దూర్చొద్దు. వారం తర్వాత అవే నాలుగు మూలలు మళ్లీ కొలిచి, అంకెలు మారకపోతే అప్పుడు గ్రావెల్ కడగడం మొదలుపెట్టండి.